మూసీ పాఠం: హైదరాబాదు నీటి చరిత్ర - ఉన్నత పాఠశాలలో విమర్శనాత్మక ఆలోచన

సంగ్రహం: నగర సుస్థిరత గురించి ఉన్నత పాఠశాల స్థాయిలో జరిగే బోధన ఎక్కువగా విధుల జాబితాగా మిగిలిపోతున్నది. విద్యార్థిలో విమర్శనాత్మక ఆలోచన పెంపొందాలంటే నగరం గతంలో చేసిన నిర్ణయాలను ఆధారాలతో సహా అతని ముందుంచాలి. 1908 మూసీ వరద మొదలుకొని 2024 వరకు హైదరాబాదు నీటి చరిత్ర అందుకు ఎలా ఉపకరిస్తుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: మూసీ, జంట జలాశయాలు, శిఖం భూమి, పౌరవిద్య, పర్యావరణ విద్య, స్థలనామాలు.

ఉపోద్ఘాతం

పర్యావరణ పాఠం చదివిన పదో తరగతి విద్యార్థిని నీటి సంరక్షణ గురించి రాయమంటే చెట్లు నాటాలి, నీటిని పొదుపుగా వాడాలి, చెరువులను ఆక్రమించరాదు అని రాస్తాడు. ఈ మూడు వాక్యాలలో తప్పేమీ లేదు. పరీక్షలో వాటికి పూర్తి మార్కులు కూడా వస్తాయి. అయితే ఆ విద్యార్థి నివసించే వీధి ఒకప్పుడు చెరువు అయి ఉండవచ్చు. ఆ చెరువు ఎప్పుడు పోయింది, ఎవరి అనుమతితో పోయింది, దానివల్ల ఎవరు బాగుపడ్డారు, వాన వచ్చినప్పుడు ఎవరి ఇల్లు మునుగుతున్నది అనే ప్రశ్నలకు ఆ జవాబులో చోటు లేదు.

నీతివాక్యం నేర్పడం ఒకటి, ఆలోచన నేర్పడం మరొకటి. మొదటిది విద్యార్థిని మంచి పనికి పురికొల్పుతుంది. రెండవది అతనికి మూడు ప్రశ్నలు వేయడం అలవాటు చేస్తుంది: ఈ మాటకు ఆధారమేమిటి? ఈ నిర్ణయంవల్ల లాభం ఎవరికి, నష్టం ఎవరికి? ఆ తరువాత ఏమి జరిగింది? ఈ మూడింటిలో మూడవ ప్రశ్న చరిత్రకు చెందినది. నగరానికి సంబంధించిన ఏ పరిష్కారమూ అంతిమం కాదనీ, ఒక తరం చూపిన పరిష్కారంలోంచే మరొక తరానికి సమస్య పుడుతుందనీ విద్యార్థి గ్రహించేది ఆ ప్రశ్నవల్లనే. అందువల్ల నగర సుస్థిరత విజ్ఞానశాస్త్ర పాఠ్యాంశం ఎంతో, చరిత్ర పాఠ్యాంశం కూడా అంతే.

1908: వరద, లెక్క, నివేదిక

హైదరాబాదు నగరం 1591లో వెలసింది. అంతకు దాదాపు 3 దశాబ్దాల ముందే, ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, హుస్సేన్‌సాగర్ నిర్మాణం జరిగింది. ఊరికంటే ముందు చెరువు పుట్టిన ప్రాంతమిది. మూసీ, దాని ఉపనది ఈసీ పారే నేలంతా గొలుసుకట్టు చెరువులతో నిండి ఉండేది. పై చెరువు అలుగు పారితే ఆ నీరు కింది చెరువుకు చేరేది.

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద ఈ నగర చరిత్రను రెండుగా చీల్చింది. వేలాదిమంది మరణించారు. మృతుల సంఖ్య 15,000 అనే అంచనా విస్తృతంగా ప్రచారంలో ఉంది. అఫ్జల్‌గంజ్‌లో నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నవారి కథ నేటికీ నగరం చెప్పుకుంటున్నది.

నగరాన్ని వరదల నుండి రక్షించే ఉపాయం చెప్పడానికి నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను ఆహ్వానించింది. 1909లో ఆయన ఇచ్చిన నివేదిక గణనతో మొదలవుతుంది. షంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళాల వర్షం కురిసింది. నగరానికి ఎగువన సుమారు 860 చదరపు మైళ్ల పరీవాహక ప్రాంతంలో 788 చెరువులున్నాయి. వాటిలో 221 చెరువుల కట్టలు తెగాయి. పై చెరువు తెగిన నీరు కింది చెరువు కట్టను తెంచింది. ఆ విధంగా వాననీటికి చెరువుల నీరు తోడై నగరం మీద పడింది.

తరగతిగదిలో ఈ అంకెలకు ఎంతో విలువ ఉంది. చెరువులు వరదను ఆపుతాయని చదువుకున్న విద్యార్థికి, చెరువులే వరదను పెంచిన సందర్భం ఇక్కడ ఎదురవుతుంది. ఈ రెండు వాక్యాలలో ఏది నిజం? రెండూ నిజమే. కట్ట దృఢంగా ఉండి, అలుగు సక్రమంగా పారినంతకాలం చెరువు రక్షణ. నిర్వహణ లోపించినప్పుడు, లేదా కట్ట తట్టుకోలేనంత వాన కురిసినప్పుడు అదే చెరువు ప్రమాదం. ఒక వస్తువు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నను వదలి, ఏ పరిస్థితిలో మంచిది, ఏ పరిస్థితిలో కాదు అని అడగడమే విమర్శనాత్మక ఆలోచనకు తొలిమెట్టు. మృతుల సంఖ్య విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. 15,000 అనేది లెక్కా, అంచనా? జనన మరణాల నమోదు నేటిలా లేని రోజుల్లో వరదలో కొట్టుకుపోయినవారిని ఎవరు, ఎలా లెక్కించి ఉంటారు? ఈ ప్రశ్న వేసిన విద్యార్థి ఆ విషాదాన్ని తక్కువ చేస్తున్నట్లు కాదు, ఆధారాన్ని పరీక్షిస్తున్నట్లు.

నివేదిక ఫలితంగా మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920 నాటికి, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927 నాటికి పూర్తయ్యాయి. 1912లో ఏర్పడిన నగర అభివృద్ధి సంస్థ ఇరుకు బస్తీలను తొలగించి, కొత్త ఇళ్లు, రోడ్లు నిర్మించింది. నది ఒడ్డున హైకోర్టు, ఆసుపత్రి, ఉన్నత పాఠశాల కొత్త భవనాలతో లేచాయి. వరద మింగిన ఒడ్డునే ఒక బడి వెలసిందన్న విషయం గమనించదగినది. నగరం వరదభయం నుండి బయటపడటమేగాక తాగునీటిని కూడా సంపాదించింది. ఒకే నిర్మాణంతో రెండు ప్రయోజనాలు నెరవేరాయి. అయితే నదిని ఎగువన ఆపినందువల్ల దిగువన పారే నీరు తగ్గింది. నగరం పెరిగేకొద్దీ ఆ ఖాళీని మురుగునీరు నింపింది. వరద సమస్యకు లభించిన పరిష్కారమే కాలుష్య సమస్యకు ఒక కారణమైంది.

పరిశీలన ముందు, చికిత్స తరువాత: గెడ్డెస్ మార్గం

నగరాన్ని పాఠశాలగా భావించిన ఆలోచన మన దేశానికి కొత్తది కాదు. స్కాట్లండుకు చెందిన జీవశాస్త్రవేత్త, నగర ప్రణాళికాకర్త ప్యాట్రిక్ గెడ్డెస్ 1914లో భారతదేశానికి వచ్చి, ఆ తరువాతి సంవత్సరాలలో అనేక నగరాలను పరిశీలించి నివేదికలు రాశాడు. 1919లో బొంబాయి విశ్వవిద్యాలయంలో సామాజికశాస్త్ర, పౌరశాస్త్ర ఆచార్యుడయ్యాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణానికి స్థలం ఎంపిక చేయడంలో ఆయన సలహా ఉంది.

గెడ్డెస్ బోధించిన సూత్రం సరళమైనది. వైద్యుడు రోగిని పరీక్షించకుండా మందు ఇవ్వనట్లే, నగరాన్ని నడిచి చూడకుండా ప్రణాళిక గీయరాదు. ఆ పరిశీలన అధికారుల పని మాత్రమే కాదు, పౌరులందరిదీ, అందులో విద్యార్థులదీ. ప్లేగు పీడించిన ఇండోర్ నగరంలో ఆయన దీపావళి సందర్భంగా ఒక ఊరేగింపు ఏర్పాటు చేశాడు. ఏ వీధిలోని ప్రజలు తమ ఇళ్లను ఎక్కువగా శుభ్రపరచుకుంటే ఆ వీధి గుండా ఊరేగింపు సాగుతుందని ప్రకటించాడు. ప్లేగుకు గుర్తుగా పెద్ద ఎలుక బొమ్మను ఊరేగించారు. జనం ఉత్సాహంగా ఇళ్లు బాగుచేసుకున్నారు.

ఈ సంఘటనను కూడా విద్యార్థి రెండు వైపుల నుండి చూడవచ్చు. పండుగను ప్రజారోగ్యంతో ముడిపెట్టిన ఆ నేర్పు మెచ్చదగినదే. కానీ శుభ్రత బాధ్యతను వీధివారికి అప్పగించిన ఆ పద్ధతిలో, మురుగుకాలువ లేని వీధివారి మాటేమిటి? శుభ్రం చేసుకునే స్తోమతు లేనివారి వీధికి ఊరేగింపు రాకపోతే తప్పెవరిది? నేడు ప్రచారోద్యమాలలో పాల్గొంటున్న పాఠశాలలకు ఈ ప్రశ్నలు అవసరమైనవి.

1937లో వార్ధా సమావేశం నుండి రూపొందిన మౌలిక విద్యావిధానం కూడా బాలుడి పరిసరాలనే చదువుకు ఆధారం చేసింది. ఆ ప్రణాళిక రూపొందించిన సంఘానికి అధ్యక్షుడు, హైదరాబాదులో జన్మించిన జాకిర్ హుసేన్. అయితే ఆ విధానం దృష్టి ప్రధానంగా గ్రామం మీద, చేతివృత్తుల మీద నిలిచింది. నగర బాలుడి పరిసరాలు దానిలో అంతగా చోటు చేసుకోలేదు.

న్యాయస్థానం నుండి పాఠ్యపుస్తకానికి

1986 జాతీయ విద్యావిధానం పర్యావరణ స్పృహను విద్య అన్ని దశలలోనూ అంతర్భాగం చేయాలని కోరింది. 1991 నవంబరులో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని నిర్బంధ పాఠ్యాంశం చేయాలని ఆదేశించింది. 2003 డిసెంబరులో ఆ ఆదేశాన్ని అమలు చేయించే దిశగా మరొక ఉత్తర్వు వెలువరించింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం ఆవాసానికీ అభ్యసనానికీ గల సంబంధంపై ప్రత్యేక పత్రాన్ని వెలువరించి, పర్యావరణ విద్యను ఇతర పాఠ్యాంశాలలో ఇమిడ్చే మార్గాన్ని సూచించింది. 2011 ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పాఠ్యప్రణాళికా చట్రం ఆ బాటలోనే సాగింది. దాని ఆధారంగా సాంఘికశాస్త్ర పుస్తకాలలో చర్చించండి, మీ ప్రాంతంలో తెలుసుకోండి అనే తరహా ప్రశ్నలు పెరిగాయి.

ఈ క్రమంలో ఒక వైరుధ్యం ఉంది. న్యాయస్థానం ఆదేశంవల్ల పాఠం ప్రతి బడికీ చేరింది. అది సామాన్య విజయం కాదు. కానీ నిర్బంధ పాఠ్యాంశం కాగానే అది మార్కుల పరిధిలోకి వచ్చింది. మార్కులకు స్థిరమైన జవాబు కావాలి. విమర్శనాత్మక ప్రశ్నకు స్థిరమైన జవాబు ఉండదు. మీ ప్రాంతంలో తెలుసుకోండి అన్న ప్రశ్నకు సైతం మార్గదర్శక పుస్తకాలలో సిద్ధమైన జవాబు అచ్చయి దొరకడం ఈ వైరుధ్యానికి నిదర్శనం.

జంట జలాశయాలు: తరగతిలో ఒక వివాదం

పై మూడు ప్రశ్నలనూ అభ్యసించడానికి జంట జలాశయాల ఇటీవలి చరిత్ర అనువైనది. 1996 మార్చి 8న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 111వ ఉత్తర్వు జారీచేసి, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో కాలుష్య పరిశ్రమలను, భారీ నిర్మాణాలను నిషేధించింది. 84 గ్రామాలు ఆ పరిధిలోకి వచ్చాయి. ఆ పరిధిలో ఒక నూనె పరిశ్రమ స్థాపనపై తలెత్తిన వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 1999 తీర్పు ముందుజాగ్రత్త సూత్రాన్ని విపులంగా చర్చించింది. 2000 డిసెంబరు తీర్పు ఆ పరిశ్రమకు ఇచ్చిన మినహాయింపును అంగీకరించలేదు. 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం 69వ ఉత్తర్వుతో 111వ ఉత్తర్వులోని ఆంక్షలను సడలించింది. నగరానికి ఇప్పుడు కృష్ణా, గోదావరి, మంజీర నీళ్లు వస్తున్నందున జంట జలాశయాల మీద ఆధారపడటం బాగా తగ్గిందన్నది అందుకు చూపిన ప్రధాన కారణం.

ఈ చరిత్రను ఒక తరగతి ముందుంచితే కనీసం నాలుగు గొంతులు వినిపిస్తాయి. 84 గ్రామాల రైతు, తన పొలం పక్క మండలంలో భూమి ధర ఎన్నో రెట్లు పెరుగుతుంటే నగరం దాహం కోసం తానొక్కడే ఎందుకు నష్టపోవాలని అడుగుతాడు. నగరవాసి, నూరు కిలోమీటర్లకు పైగా దూరం నుండి విద్యుత్తుతో ఎత్తిపోసే కృష్ణా నీటిని నమ్మి, వాలుగా వచ్చే దగ్గరి నీటిని వదులుకోవడం వివేకమా అని అడుగుతాడు. నది దిగువ బస్తీవాసి, జలాశయాలు తాగునీటికి కాకపోయినా వరదను ఆపడానికి కావాలి కదా అంటాడు. నది నీరు తరలిన కృష్ణా, గోదావరి తీరాల రైతు తన వాటా గురించి అడుగుతాడు. వీరిలో ఎవరూ అబద్ధమాడటంలేదు. ఒక్కొక్కరూ ఒక్కొక్క చోట నిలబడి మాట్లాడుతున్నారు. ఉపాధ్యాయుడు తీర్పు చెప్పవలసిన అవసరం లేదు. ప్రతి వాదానికీ ఆధారం అడిగితే చాలు.

ఆక్రమణ అనే మాట

వరదల చర్చలో తరచుగా వినిపించే మాట ఆక్రమణ. 2000 ఆగస్టు 24న నగరంలో సుమారు 24 సెంటీమీటర్ల వర్షం కురిసి లోతట్టు ప్రాంతాలు మునిగాయి. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో కురిసిన కుండపోత తరువాత పాతబస్తీకి దక్షిణాన పల్లెచెరువు, గుర్రంచెరువు కట్టలు తెగి కాలనీలు నీటమునిగాయి. 1908లో 221 చెరువులు చెప్పిన పాఠమే 112 సంవత్సరాల తరువాత పునరావృతమైంది. 2024 జులైలో ఆస్తుల పరిరక్షణకు, విపత్తు నివారణకు హైడ్రా ఏర్పడింది. చెరువు భూములలోని నిర్మాణాల కూల్చివేతలు విస్తృత చర్చకు దారితీశాయి.

ఇటువంటి సమయంలో చెరువుల ఆక్రమణదారులే వరదలకు కారణం అని పుస్తకంలో చదివే విద్యార్థి, ఆ చెరువు భూమిలోనే కట్టిన ఇంటి నుండి బడికి వచ్చి ఉండవచ్చు. పాఠం అతని తండ్రిని నేరస్థుడిగా చూపుతుంది. ఆ బాలుడు మౌనంగా జవాబు రాసి మార్కులు తెచ్చుకుంటాడు. లేదా పాఠమే అబద్ధమని తలపోస్తాడు. రెండు సందర్భాలలోనూ చదువు ఓడిపోతుంది.

ఇక్కడే చరిత్ర అవసరమవుతుంది. నిజాం కాలపు రెవెన్యూ వ్యవస్థలో చెరువు గర్భంలో మునిగే నేలను శిఖం భూమి అనేవారు. నీరు తగ్గిన తరువాత ఆ భూమిని సాగు చేసుకునే హక్కు కొందరు పట్టాదారులకు ఉండేది. అంటే చెరువు గర్భమంతా యజమానులు లేని భూమి కాదు. కాలువలు, తూములు పనిచేసినంతకాలం ఆ హక్కు నీటితో కలిసి బతికింది. ఆయకట్టు పొలాలు కాలనీలుగా మారి, నీటిని పంచే నీరటి వృత్తి అంతరించాక, చెరువు నిండాలని కోరుకునేవారు కరవయ్యారు. ఏడాదిలో కొన్ని నెలలు మాత్రమే పనికివచ్చే భూమి, సంవత్సరమంతా ఎండి ఉంటే అమ్ముడుపోయే స్థలమయింది. అమ్మినవాడొకడు, కాగితాలు రాసినవాడొకడు, అనుమతిచ్చినవాడొకడు, చివరికి జీవితకాలపు పొదుపుతో కొని ఇల్లు కట్టుకున్నవాడొకడు. ఆక్రమణ అనే ఒక్క మాట ఈ నలుగురినీ ఒకే గాట కట్టివేస్తుంది. ఆ మాటను విడదీసి చూడగలగడం నగర సుస్థిరత పాఠంలో అత్యంత కీలకమైన భాగం. చెరువు బతకాలన్న మాటను అది బలహీనపరచదు. ఆ ఖర్చును ఎవరు భరించాలన్న న్యాయప్రశ్నను దానికి జతచేస్తుంది.

పద్ధతి: పేర్లు, పటాలు, జ్ఞాపకాలు

ఇటువంటి బోధనకు ఖరీదైన పరికరాలు అక్కరలేదు. మొదటి ఆధారం స్థలనామం. నల్లకుంట, తలాబ్‌కట్ట, మాసాబ్‌ట్యాంక్ అన్న పేర్లు తెలుగు, ఉర్దూ, ఆంగ్ల భాషలలో ఒకే వాస్తవాన్ని చెపుతున్నాయి. నీరు పోయినా పేరు మిగిలింది. రెండవది పటం. 1912-15 మధ్య లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో జరిగిన నగర సర్వే పటాలను నేటి పటాలతో పోలిస్తే ఏ నీటివనరు ఎక్కడ ఉండేదో విద్యార్థులు గుర్తించగలరు. మూడవది జ్ఞాపకం. చిన్నతనంలో బతుకమ్మను ఎక్కడ నిమజ్జనం చేసేవారు అని అవ్వను, అమ్మమ్మను అడిగితే రికార్డులలో లేని కుంట ఒకటి బయటపడవచ్చు. అయితే జ్ఞాపకం పొరబడవచ్చు, పటం కూడా పాలకుల అవసరాన్ని బట్టి గీసినదే. ఒకదానితో మరొకదాన్ని సరిచూడటమే చరిత్ర పరిశోధన. పద్నాలుగేళ్ల విద్యార్థికి కూడా అది అందుబాటులో ఉన్న పనే.

లోపాలను వెదకడం చెరువు పట్ల అపచారం కాదని మన శాసనాలే చెపుతున్నాయి. కడప జిల్లాలోని పోరుమామిళ్లలో విజయనగర రాకుమారుడు భాస్కరుడు 1369లో వేయించిన సంస్కృత శాసనం, మంచి చెరువుకు కావలసిన 12 అంగాలతోపాటు 6 దోషాలను కూడా పేర్కొన్నది. కట్ట నుండి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం వాటిలో కొన్ని. చెరువు తవ్వించిన పుణ్యాన్ని కీర్తించే శాసనంలోనే చెరువు ఏ కారణాల వల్ల విఫలమవుతుందో రాయించడం విశేషం. అందులో సరిహద్దు దోషం నేలకు సంబంధించినది కాదు, పరిపాలనకు సంబంధించినది. ఒక చెరువు రెండు శాఖల అధికార పరిధుల మధ్య నలిగే నేటి నగరంలో ఆ దోషం పాతబడలేదు.

ఈ పద్ధతికి పరిమితులున్నాయి. వార్షిక పరీక్షల ఒత్తిడిలో ఉపాధ్యాయుడికి సమయం చాలదు. వివాదాస్పద విషయాలను తరగతిలో చర్చించడానికి అతనికి పై అధికారుల అండ కావాలి. ఇల్లు కోల్పోయే భయంలో ఉన్న విద్యార్థి తరగతిలో ఉన్నప్పుడు చర్చను నడపడానికి ఎంతో సంయమనం అవసరం. వీటిని గుర్తించకుండా విమర్శనాత్మక ఆలోచనను పాఠ్యప్రణాళికలో చేర్చితే అది మరొక కంఠపాఠంగా మారుతుంది.

ముగింపు

1908 వరద జలాశయాలను ఇచ్చింది. జలాశయాలు నగరానికి నీరిచ్చి, నదికి నీరు తగ్గించాయి. నీరు దొరికిన నగరం పెరిగి చెరువులను కోల్పోయింది. చెరువులు లేని నగరం మళ్లీ వరదకు లోనయింది. ఈ గొలుసులో ప్రతి కొక్కెం వద్దా బుద్ధిమంతులైన మనుషులు తమ కాలానికి తోచిన నిర్ణయం చేశారు. వారిని కీర్తించడమో నిందించడమో నేర్పే పాఠం విద్యార్థిని ప్రేక్షకుడిగానే ఉంచుతుంది. ఏ ఆధారంతో నిర్ణయించారు, ఎవరిని అడిగారు, ఎవరిని అడగలేదు అని తరచి చూడటం నేర్పే పాఠం అతన్ని రాబోయే నిర్ణయాలకు సిద్ధం చేస్తుంది. తన ఇల్లు పూర్తి నీటిమట్టానికి లోపల ఉందో వెలుపల ఉందో తెలిసిన బాలిక, ఆ గీతను ఎవరు, ఎప్పుడు, ఏ కొలతతో గీశారని అడిగిన నాడు, నగర సుస్థిరత పాఠం తన ప్రయోజనాన్ని నెరవేర్చుకున్నట్లు.